ఖాళీ మొగ్గ

మనుషులు పక్కింటివాణ్ణి చూసి కుళ్ళుకుంటారు, తోడల్లుణ్ణి చూసి కుళ్ళుకుంటారు. నేను కట్టుకున్నదాన్ని చూసి కుళ్ళుకున్నాను. అదీ ఒక పూటో రెండు పూటలో కాదు. మల్బరీ పండ్లు రాలడం మొదలైన రోజు నుంచి ద్రాక్ష కోతల దాకా, ఒక నిండు వేసవి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. అప్పుడు మాత్రం ఎవరైనా ఆ మాట నా ముఖం మీద అని ఉంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి.

దానికంతటికీ కారణం ఒక మొగ్గ. గచ్చుతో చేసింది, పిడికిలంత ఉంటుంది. మా కోకంద్ ఊరి పాత కచేరీ హాల్లో, బాల్కనీ వెనక గోడ మీద, మా నాన్న చెక్కిన పలకలో కుడివైపు కింది మూలన ఉంది. ఆ పలకలో నాలుగు వందల పైచిలుకు పువ్వులు, వాటి చుట్టూ తీగలు, ఆకులు. అన్నీ చెక్కినవే. ఆ ఒక్క మొగ్గను మాత్రం నున్నగా, గుడ్డులా వదిలేశారు. మా గురువుల వరసలో అదొక ఆచారం. ఉస్తా అనిపించుకున్నవాడు తన పలకలో ఒక మొగ్గను ఖాళీగా వదులుతాడు. తనకు సమానమనిపించిన శిష్యుడు దొరికిన రోజున ఉలి చేతికిచ్చి, వెళ్ళి దాన్ని పూర్తిచెయ్యమంటాడు. ఆ రోజు నుంచి ఊరు ఆ శిష్యుణ్ణి కూడా ఉస్తా అని పిలుస్తుంది. అంతకు ముందు ఎంత పనితనం ఉన్నా వాడు పనివాడే. తన పలకలో మొగ్గ వదిలే హక్కు కూడా వాడికి ఉండదు.

నాన్న, ఖోల్మత్ ఉస్తా, ఆ మొగ్గను 1950లో వదిలారు. అప్పుడాయనకు ఇరవై ఒక్కటి. నాకు పన్నెండేళ్ళు వచ్చాక మొదటిసారి కచేరీకి తీసుకెళ్ళి, "అదిగో, ఆ మూలన చూడు" అన్నారు. ఇంకేమీ అనలేదు. అనాల్సిన పనేముంది, ఆయనకు నేనొక్కణ్ణే కొడుకుని. ఆ సాయంత్రం నుంచి ఆ మొగ్గ నాది. ఎంత పెద్ద పాటగాడు తాష్కెంట్ నుంచి వచ్చి వేదిక మీద కూర్చున్నా సరే, నేను మెడ తిప్పి వెనక గోడ కేసే చూసేవాణ్ణి. అమ్మ తొడ మీద గిల్లేది.

పెళ్ళిచూపులు కూడా ఆ హాల్లోనే జరిగాయి. మా ఊళ్ళో అప్పట్లో అదే మర్యాద. రెండు కుటుంబాలూ ఒకే కచేరీకి టిక్కెట్లు తీసుకుంటాయి, పిల్లా పిల్లాడూ దూరం నుంచి ఒకరినొకరు చూసుకుంటారు. సబొహత్ ఏడో వరుసలో వాళ్ళ మేనత్త పక్కన కూర్చుని ఉంది. కచేరీ మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో, "పిల్ల బాగుంది గానీ నిద్రమొహం" అని నవ్వాను.

రెండు వేల ఏడు నాటికి నాకు నలభై నాలుగేళ్ళు. అంతకు ముందు పదిహేనేళ్ళుగా నేను ఊళ్ళో ఉన్నది తక్కువ. అల్మాటీలో, అస్తానాలో కొత్తగా డబ్బు చేసినవాళ్ళ మేడలకు గచ్చు చెక్కేవాణ్ణి. అద్దం మీద గచ్చు పరిచి, పువ్వుల సందుల్లోంచి అద్దం తళుక్కుమనేలా చెక్కడం నా ప్రత్యేకత. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. ఏడాదికి రెండుసార్లు ఇంటికి వచ్చి, పది రోజులు ఉండి వెళ్ళిపోయేవాణ్ణి. అమ్మ పోయాక ఇంట్లో నాన్న, సబొహత్, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఒజోదా, అంతే.

ఆ చలికాలం హాలు పైకప్పు కింద నీటి గొట్టం పగిలింది. వెనక గోడ మీది తొమ్మిది పలకల్లో రెండు నానిపోయి ఊడిపడ్డాయి. నాన్న పలక దక్కింది. ఆకురాలు కాలంలో హాలు మళ్ళీ తెరవాలని ఊరి పెద్దలు ఒక కమిటీ వేసి, పని నాన్నకు అప్పగించారు. చేతిలో ఉన్నది వదిలేసి రమ్మని నాన్న నాకు కబురు పెట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి పరంజా ఎక్కలేడు కదా, ఇంక ఎవరు ఎక్కుతారు? బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఒకటే ధ్యాస. ఆ మొగ్గ రోజు వచ్చేసింది.

ఇల్లు చేరేసరికి నాన్న వాకిట్లో ద్రాక్ష పందిరి కింద పెద్ద చెక్క మంచం మీద కూర్చుని ఉన్నారు. కుశల ప్రశ్నలు అయ్యాయి. సబొహత్ రొట్టె, టీ తెచ్చి పెట్టింది. అప్పుడు నాన్న చెప్పారు.

"రెండు పలకలు. ఎడమది నువ్వు చెక్కు. కుడిది సబొహత్ చెక్కుతుంది."

నవ్వాను. నాన్న నవ్వలేదు. సబొహత్ నా గిన్నెలో సగానికి టీ పోసి, తల దించుకుని కెటిల్ మీద గుడ్డ కప్పింది.

"ఆడమనిషి పరంజా ఎక్కడమేంటి నాన్నా?"

"పదిహేనేళ్ళుగా నా గచ్చు ఎవరు కలుపుతున్నారనుకున్నావురా? నువ్వు పంపిన ఫోటోలా?"

అలా తెలిసింది. మొదట్లో గచ్చు కలిపిందట. తర్వాత గీతలు గీసిందట. నాన్న చేయి వణకడం మొదలయ్యాక ఉలి కూడా పట్టిందట. అంతకు ముందు ఏడాది పక్క వీధి గఫూర్ వాళ్ళ వసారా కప్పు చూసి, నాన్న చేయి ఇంకా గట్టిగానే ఉందని నేను నలుగురిలో మెచ్చుకున్నాను. గఫూర్ ఎందుకో నవ్వాడు. అది నాన్న చేయి కాదు. ఊరందరికీ తెలిసి నాకొక్కడికే తెలియని సంగతి మా ఇంట్లోనే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

నాకెందుకు చెప్పలేదని ఆ సాయంత్రం నిలదీశాను. బట్టలు మడతపెడుతూ, "మీరడగలేదుగా" అంది. ఇలాంటివి అడిగితేగానీ చెప్పవా అన్నాను. "ఫోన్ చేస్తే మీ మేడల గురించే చెప్పేవారు. అవి వినేసరికే పైసలు అయిపోయేవి" అంది. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

పని మొదలైంది. గోడకు రెండు పక్కలా రెండు పరంజాలు. మధ్యలో నాన్న పలక, దాని మూలన నా మొగ్గ. తడి గచ్చు పరిచి, అది గట్టిపడేలోపు చెక్కాలి. మా కొండల గచ్చు మహా తొందరపాటుది. ఉత్త నీళ్ళతో కలిపితే నాలుగు నిమిషాల్లో రాయి అవుతుంది, ఉలి పెడితే పెచ్చులూడిపోతుంది. అందుకని ఒక అడవి దుంపను ఎండబెట్టి పొడి చేసి, ఆ జిగురు నీళ్ళలో కలుపుతాం. అప్పుడు గచ్చు పూటంతా ఓపిక పడుతుంది.

ఓపిక లేనిది నాకే. పరంజా మీద నుంచి టీ కావాలని కేకేసేవాణ్ణి. సబొహత్ ఉలి కింద పెట్టి, తన పరంజా దిగి, టీ కాచి, నా పరంజా ఎక్కి ఇచ్చి, మళ్ళీ తన పరంజా ఎక్కేది. ఈలోగా అక్కడ ఆమె గచ్చు గట్టిపడేది. నాకు కావలసిందీ అదే. ఇంటి దగ్గర పులావులో ఉప్పు ఎక్కువైందనేవాణ్ణి, క్యారెట్ లావుగా తరిగావనేవాణ్ణి. ఆమె మర్నాడు క్యారెట్ సన్నగా తరిగేది. మూడు రోజులు చూసి నాన్న కింద నుంచే, దాహమైతే దిగి తాగమని నన్ను అందరిముందూ కసిరారు. టీ దుకాణంలో గఫూర్‌గాడు ఇంకో అడుగు ముందుకేశాడు. "మహ్కమ్, మీ ఇంట్లో ఉస్తా గారు కులాసానా? మొన్న పరంజా మీద చూశాను, నీకంటే ఒక మెట్టు పైనున్నారు" అన్నాడు. నలుగురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కడుపులో మాత్రం నిప్పు రాజుకుంది.

నా పలక ఆమెదాని కంటే ఎనిమిది రోజులు ముందే పూర్తయింది. దాపరికం ఎందుకు, అంత బాగా నేను ఎప్పుడూ చెక్కలేదు. ప్రతి పువ్వూ ఒకే లోతు, ప్రతి తీగా ఒకే మందం, దారం పట్టి కొలిచినా తేడా రాదు. కమిటీ మనిషి జూరాయెవ్ వచ్చి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు, ఇలాంటి చేయి మా లోయలో ఇంకొకటి లేదన్నాడు. సబొహత్ పలకకు మాత్రం ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. తియ్యడానికి ఏముంది? కొన్ని పువ్వులు గోడలోకి గుంటల్లా దిగిపోయాయి, కొన్ని ఉబ్బెత్తుగా బయటికి వచ్చాయి. తీగలు ఒకచోట సన్నం, ఒకచోట లావు. నాన్నకు కళ్ళు కూడా పోయాయా అనుకున్నాను.

కూడా అని ఎందుకన్నానంటే, ఆయనకు చెవులు పోయిన సంగతి అప్పటికి కనిపెట్టాను. కుడి చెవిలో గట్టిగా చెబితేనే వినిపించేది, మిగతాదంతా ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు. కమిటీకి తెలిస్తే పని లాగేసుకుంటుందని ఇంట్లో ఇద్దరూ మూడేళ్ళుగా దాస్తున్నారు. అదీ నాకు చెప్పలేదు.

తర్వాతి వారం నాన్న మస్తూరా అత్తను పిలిపించారు. సబొహత్ మేనత్త ఆమే, పెళ్ళిచూపుల నాడు పక్కన కూర్చున్నావిడ. ఊళ్ళో ఆడవాళ్ళ శుభకార్యాలన్నిటికీ ఆమె రెండు తీగల దుతారే మోగాలి. హాలు కట్టిన ఏడు ఆమెకు పదిహేనేళ్ళు. గోడలు నున్నగా లేపి, మొదటి పాట పాడించి చూస్తే ప్రతి మాటా రెండుసార్లు వినిపించిందట. ఇంజనీర్లు తలలు పట్టుకున్నారట. అప్పుడు మా నాన్న గురువుగారు ఈ పిల్లను తెచ్చి ఖాళీ వేదిక మీద కూర్చోబెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుతార్ వాయించమన్నారు. ఆ రెండు తీగల మోతను గోడ ఎక్కడ తిప్పికొడితే అక్కడ ఉలి ఇంకా లోతుకు దించేవారు. నలభై రోజులు అలా జరిగింది. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఆ హాల్లో మైకు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. "నా మొదటి కచేరీ గోడకే ఇచ్చాను. మెచ్చుకోడానికి నలభై రోజులు పట్టింది దానికి" అని మస్తూరా అత్త ఎప్పుడూ చెప్పేది. నేను చిన్నప్పటి నుంచి విన్న కథే. కథ అనే అనుకున్నాను కూడా.

ఆమె వేదిక మీద కూర్చుని తీగలు సవరించుకుంది. నాన్న గోడ దగ్గరికెళ్ళి అరచేయి ఆనించి నిలబడ్డారు. సబొహత్ హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది, పెళ్ళిచూపుల్లో మూసుకున్నట్టే. మస్తూరా అత్త వాయించింది. కాసేపటికి సబొహత్ చెయ్యెత్తింది. నాన్న దగ్గరికెళ్ళి కుడి చెవిలో చెప్పింది. చెవిటివాళ్ళకు చెప్పేది రహస్యం ఎలా అవుతుంది, హాలంతా వినపడింది.

"ఎడమ పలక మోతను తిప్పికొడుతోంది మామయ్యా. రెండో వరుస నుంచి అయిదో వరుస దాకా."

నేను పలక అంతా ఒకే లోతు చెక్కానని, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదని అన్నాను. అదే జబ్బు అన్నారు నాన్న. మేడల్లో అది పనితనం, ఇక్కడ కాదన్నారు. నేను మస్తూరా అత్త వైపు తిరిగాను, పెద్దమనిషి నా పక్షాన ఒక మాట అంటుందేమోనని.

ఆమె దుతార్ ఒళ్ళో పెట్టుకుని, "నీ పలక చూడముచ్చటగా ఉంది నాయనా. కానీ నా పాట నాకే వాపసిస్తోంది" అంది.

ఇంకోసారి వాయించమన్నాను. సబొహత్ నిలబడ్డ చోటే నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. ఊపిరి బిగబట్టాను. నాకు దుతార్ వినిపించింది. ఎడమ పలక దగ్గరా అదే, కుడి పలక దగ్గరా అదే. వాళ్ళు ముగ్గురూ ఏదో ఉందంటున్నారు, నాకు మాత్రం ఏమీ లేదు. అప్పటిదాకా నేను కుళ్ళుకున్నది ఆమెకు ఏదో దక్కుతోందని. ఆ క్షణం నుంచి కుళ్ళుకున్నది ఆమె దగ్గర ఏదో ఉందని. మొదటిదాన్ని లాక్కోవచ్చు. రెండోదాన్ని ఏం చెయ్యను?

ఆ తర్వాత ఆరు వారాలు నా పలకను నేనే చెరిపి మళ్ళీ చెక్కాను. వేదిక మీద దుతార్ మోగుతుంటే, కింద నిలబడి సబొహత్ చెప్పేది. ఆమె నోట రెండే మాటలు, "ఇంకా", "చాలండీ". నా చక్కటి పువ్వుల్ని నా చేత్తోనే గుంటలు చేసుకున్నాను. ఖుబానీ పండ్లు అయిపోయాయి, ఖర్బూజాలు వచ్చాయి. ఎండకు హాలు లోపల కూడా ఒళ్ళు పేలిపోతోంది. ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, గెలిచినట్టు చూడలేదు. కనీసం ఒక్కసారి చూసి ఉంటే తిట్టడానికి నాకో వంక దొరికేది.

అప్పటికీ మొగ్గ నాదేననుకుంటున్నాను. చెవి ఆమెదైనా చేయి నాదే కదా, కొడుకుని నేనే కదా అని.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం పందిరి కింద భోజనాలయ్యాయి. నాన్న ఖర్బూజా కోసి ముక్కలు పంచారు. చేతులు తుడుచుకుని, దిండు కింద నుంచి ఒక చిన్న గుడ్డ మూట తీశారు. అందులో ఏముందో విప్పక ముందే నాకు తెలుసు. కర్ర పిడి ఉన్న చిన్న ఉలి, ఆయన గురువుగారు ఇచ్చింది. చేతిలో ముక్క పట్టుకుని నేను సర్దుకుని కూర్చున్నాను.

నాన్న ఆ మూట సబొహత్ ముందు పెట్టారు.

"శుక్రవారం నమాజు అయ్యాక వెళ్ళి ఆ మొగ్గ పూర్తిచెయ్యమ్మా."

ఆమె నా వైపు చూసింది. "మామయ్యా, ఆయన..." అని ఆగిపోయింది. ఆయనకు వినపడలేదు గానీ పెదాలు చూసి అర్థం చేసుకున్నారు.

"వాడి చేతికి నేను వంక పెట్టను. చేయి నాకంటే వాడిదే మంచిది. ఆ మొగ్గ చేయి చూసి ఇచ్చేది కాదు, చెవి చూసి ఇచ్చేది."

ముక్క అక్కడే పడేసి లేచి వెళ్ళిపోయాను. కాలవ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. చెప్పుకోవడానికి బాగుండదు గానీ ఏడ్చాను. ఇంటికొచ్చేసరికి సబొహత్ పరుపులు వేస్తోంది.

"అది నాది" అన్నాను. "పన్నెండేళ్ళప్పటి నుంచి నాది."

"తెలుసు."

"నీకొద్దని నాన్నతో చెప్పు. నువ్వు చెబితే వింటారు."

ఆమె దుప్పటి అంచు సర్దింది. మళ్ళీ సర్దింది. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని మనిషి, చెబుతుందనే అనుకున్నాను.

"చెప్పనండీ" అంది. "నాకూ కావాలి."

శుక్రవారం వచ్చింది. హాల్లో మా వీధి వాళ్ళు నలభై మంది దాకా చేరారు. జూరాయెవ్, గఫూర్, మస్తూరా అత్త, అందరూ కుర్చీల్లో కూర్చుని మెడలు పైకెత్తి చూస్తున్నారు. సబొహత్ కొత్త రుమాలు కట్టుకుని పరంజా ఎక్కింది. నాన్న రెండు చేతులూ పైకెత్తి దీవించారు, అందరూ ఆమీన్ అన్నారు. యాభై ఏడేళ్ళ పాత మొగ్గ బండలా ఉంటుంది. దాన్ని తడిపి, పైన రెండు వేళ్ళ మందాన కొత్త గచ్చు పూసి, అందులో చెక్కాలి. గచ్చు కలిపే పని నాకు పడింది. ఇంకెవరికి పడుతుంది.

మెట్ల గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. బకెట్టులో నీళ్ళు పోశాను. గచ్చు పోశాను. జిగురు డబ్బా పక్కనే ఉంది. దాని మూత తియ్యలేదు.

అదేదో మైకంలో చేశానని చెప్పను. తెలిసే చేశాను. ఆ గచ్చు పూస్తే నాలుగు నిమిషాల్లో బిగుసుకుంటుంది, ఉలి తగలగానే పెళుక్కున పగిలి, పాత మొగ్గతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. నలభై మంది ముందు. నాకు దక్కనిది ఇంక ఎవరికీ దక్కదు. కర్రతో కలిపి, బకెట్టు పట్టుకుని పరంజా ఎక్కాను.

ఆమె ముందు పెట్టాను. సబొహత్ నాలుగు వేళ్ళూ గచ్చులో ముంచింది. అలాగే ఉంచింది. గచ్చు బిగుసుకునే ముందు వెచ్చబడుతుంది. జిగురు ఉంటే చల్లగా ఉంటుంది. పదిహేనేళ్ళు కలిపిన వేళ్ళు. ఆమె తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది.

కింద నలభై మంది ఉన్నారు. ఒక్క మాట గట్టిగా అంటే చాలు, నేను ఆ ఊళ్ళో తలెత్తుకోలేను.

"వేడెక్కుతోందండీ" అంది, నాకొక్కడికే వినపడేలా. "ఇంకోటి కలుపుకురండి. నేను ఆగుతాను."

దిగాను. పెరట్లోకి తీసుకెళ్ళి బోర్లిస్తే గచ్చు అప్పటికే ముద్దగా కింద పడింది. బకెట్టు కడిగాను. జిగురు డబ్బా మూత తీశాను. రెండోసారి కలిపి తీసుకెళ్ళి, ఆమె పూస్తుంటే పక్కనే కూర్చుని దీపం పట్టుకున్నాను. మొదటిసారి ఆమె పని దగ్గర నుంచి చూశాను. ఉలి పెట్టే ముందు ప్రతిసారీ గోటితో మెల్లగా తడుతుంది, తల ఒక పక్కకు వంచుతుంది, అప్పుడు చెక్కుతుంది. పది రేకులు వచ్చాయి. నా చేయి అయితే ఇంకా నున్నగా వచ్చేవి. చివరి రేకు అయ్యాక కింద నుంచి నాన్న, "ఏం, సబొహత్ ఉస్తా, అయిందా?" అన్నారు. ఆమె పరంజా మీదే ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

ఆ బకెట్టు సంగతి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆమె ఎత్తలేదు. నేను అల్మాటీకి తిరిగి వెళ్ళలేదు.

ద్రాక్ష కోతల వారంలో హాలు తెరిచారు. కొత్త కోట్లు, పట్టు గౌన్లు, అత్తరు వాసన, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మైకు పెడతామని జూరాయెవ్ అంటే నాన్న వద్దన్నారు. మస్తూరా అత్త ఒక్కతే వేదిక మీద కూర్చుంది. గోరు తీగను తాకిన చప్పుడు కూడా బాల్కనీ చివరి వరుస దాకా వచ్చింది. నాన్న ముందు కుర్చీ వీపు మీద అరచేయి ఆనించుకుని కూర్చున్నారు, గడ్డం తడిసిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎడమ వైపు పాట గోడ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయినట్టు కాస్త వినిపించింది. వినిపించిందో, వినిపించాలని అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అలవాటు ప్రకారం మెడ తిప్పి వెనక్కి చూశాను. నాన్న పలకలో ఖాళీ లేదు. నా పలకలోనూ లేదు, వదిలే హక్కు నాకు లేదు కదా. కళ్ళు కుడి పలక మీదికి వెళ్ళాయి. పైన ఎడమ మూలన, చెక్కిన పువ్వును కొత్త గచ్చుతో పూడ్చి చేసిన మొగ్గ, నున్నగా, గుడ్డులా ఒకటి.

ఇంటికి నడుస్తూ అది ఎవరికోసమని అడిగాను. ఇంకా తెలియదంది. మాటవరసకు అన్నట్టు, నాకేమోనన్నాను.

సబొహత్ చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఎదురుచూడ్డం మీకు అలవాటేగా" అంది.

ఎదురుచూశాను. పదిహేడేళ్ళు చూశాను. నాన్న మరో రెండు చలికాలాలు ఉండి వెళ్ళిపోయారు. ఊరు ఆమెను సబొహత్ ఉస్తా అంటుంది, నన్ను ఉస్తా గారి ఆయన అంటుంది. గఫూర్‌గాడు కూడా ఇప్పుడు నవ్వకుండానే అంటాడు. ఆమెకు గచ్చు నేనే కలుపుతాను. దుతార్ మోగుతుంటే గోడ దగ్గర నిలబడి వింటాను. పదిసార్లకు నాలుగుసార్లు సరిగ్గానే చెబుతాను.

మొన్న వసంతంలో పందిరి కింద టీ తాగుతుంటే వసారాలోంచి చప్పుడు వినిపించింది. గోటితో గచ్చు మీద మెల్లగా తడుతున్న చప్పుడు. మా ఒజోదా, ఇరవై ఆరేళ్ళ పిల్ల, తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. "అమ్మా, ఇక్కడ ఇంకా దిగాలి" అంది. సబొహత్ వెళ్ళి విని, ఔనన్నట్టు తలూపింది. నాకు కడుపులో సరిగ్గా ఆ పాత చోటే భగ్గుమంది. కన్నకూతురు. అయినా మండింది. సబొహత్ నా ముఖం చూసింది, లోపలికెళ్ళి గుడ్డ మూట తెచ్చి కూతురి చేతిలో పెట్టి, శుక్రవారం అని చెప్పింది.

శుక్రవారం మెట్ల గదిలో గచ్చు నేనే కలిపాను. అన్నిటికంటే ముందు జిగురు వేశాను.